క్వయర్ మెట్టు పలక

మిస్ ఒడెస్సా టన్‌స్టల్ వంటింట్లో గడియారం ఉండేది గాని, పొద్దున్నే జావ కాచేటప్పుడు ఆవిడ దాని వంక చూసేది కాదు. వట్టి కాళ్లతో పొయ్యి ముందు నిలబడి, చెక్క నేల మీద మడమతో తాళం వేస్తూ కీర్తన ఎత్తుకునేది. నాలుగు చరణాలయ్యేసరికి మొక్కజొన్న జావ దించేది. అమెరికాలో, మెంఫిస్ ఊళ్లో, మా రెండిళ్ల మధ్య గోడ పలచన. ముప్పై ఏళ్లు నేను ఆ చప్పుడుకే నిద్ర లేచాను.

ఆవిడ బడి వంటశాలలో పనిచేసేది, మా చర్చిలో పిల్లలకు పాట నేర్పేది. మాకు డ్రమ్ము లేదు. ఆరాధనలో పాడే బృందం, అంటే క్వయర్, నిలబడే చెక్క మెట్టు, దాని మీద ఆడే మడమలు, అవే మా డ్రమ్ము. అలా ఆవిడ దగ్గర పెరిగిన నలుగురు, వాళ్లలో ఒకడైన పొడుగాటి వెర్డెల్ ముందుండగా, ప్రేమ పాటల బృందం కట్టారు. పందొమ్మిదొందల అరవై ఆరు వేసవిలో వాళ్ల మొదటి ఆల్బం పని మొదలైంది. అప్పటినుంచి ఆదివారం మెట్టు మీద వాళ్ల చోటు ఖాళీ. ప్రేమ పాటలకి పోయారని పాస్టరు గారు వాళ్ల పేరెత్తడం మానేశారు. ఒడెస్సా మాత్రం రోజూ ప్రార్థనలో నలుగురినీ పేరుపేరునా తలుచుకునేది. గోడ ఇవతలికి వినపడేది.

తొమ్మిది పాటలు డ్రమ్ము ఆసరాతో గట్టెక్కాయి. పదోది నిదానమైన పాట, గొంతులు తప్ప ఏమీ లేనిది. అది తాళం నిలవక కుదరలేదు. స్టూడియో అద్దె శుక్రవారం వరకే. ఆ పాట లేకపోతే ఆల్బం వేసేది లేదని కంపెనీ చెప్పేసింది.

గురువారం ఒడెస్సా వేయించిన కోడి కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్లింది. రికార్డింగు చేసే లామర్‌కి వేరే పొట్లం. అతను తల పట్టుకుని ఉన్నాడు.

"మళ్లీ పరిగెత్తారు. మిమ్మల్నెవరన్నా తరుముతున్నారా?"

"మేం నిదానంగానే పాడాం" అన్నాడు వెర్డెల్.

"అయితే నా మిషనే తాగొచ్చిందన్నమాట."

ఒడెస్సా వాళ్ల నోళ్లు చూడటం లేదు, కాళ్లు చూస్తోంది. గదంతా మెత్తటి తివాచీ. మడమలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు.

"వీళ్లకి వీళ్ల కాళ్లు వినపడట్లేదు నాయనా" అంది లామర్‌తో.

సాయంత్రం పాస్టరు గారి దగ్గరికి వెళ్లి మెట్టు పలక అడిగింది.

"ఆ పలక మీద లోకం పాటలా, సిస్టర్?"

"పలక ప్రభువుదే, పిల్లలూ ఆయన పిల్లలే గదండీ."

ఆయన కుర్చీలోంచి లేచారు. పలక ఊడదీసే సుత్తి ఆయనే తెచ్చిచ్చారు.

శుక్రవారం ఆ పలక తివాచీ మీద పరిచి నలుగురూ నిలబడ్డారు. రెండోసారికే పాట కుదిరింది. మడమల చప్పుడు కూడా రికార్డయింది. తీసేయాలా అని వెర్డెల్ అడిగితే, లామర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

వెర్డెల్ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "మీ పేరు ఆల్బం అట్ట మీద వేయిస్తాం, మిస్ ఒడెస్సా."

"నా పేరెందుకు బిడ్డా. ఒక్క సాయం చేసిపెట్టు. ఈ పలక మళ్లీ మోయడం నా వల్ల కాదు. ఆదివారం ఆరాధనకి ముందే దాని చోట ఉండాలి, లేకపోతే మెట్టెక్కి పాడే సిస్టర్ లూలా ఆ సందులో కాలు పెడుతుంది. మీరు నలుగురూ కలిసి పట్టుకురండి. మేకులు కొట్టాక, గట్టిగా ఉందో లేదో, ఒకసారి ఎక్కి నిలబడి చూడండి."