పిచ్చింగ్ చేతికి పూసిన నూనె

మా చర్చి గోడలు లేచిన ఎండాకాలంలోనే నాకు బంతి విసరడం వచ్చింది. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. చిట్కుల్‌లో ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ల మధ్య మా సంఘానికి కొద్దిపాటి జాగా దొరికింది. కూలి మేస్త్రీకి ఒక్కడికే. షిఫ్టు దిగిన మగవాళ్లు, వంట ముగించుకున్న ఆడవాళ్లు కలిసి ఇటుకలు అందించేవారు. గోడ తలను దాటాక మేస్త్రీ కట్టెల పరంజా ఎక్కాడు. కింద నిలబడి ఇటుకను తొడ పక్కగా ఊపి పైకి వదలాలి. అది గాలిలో తిరగకుండా వెళ్లి అతని రెండు చేతుల మధ్య పడాలి. తిరిగిందంటే వేళ్లు చితుకుతాయి.

"గా సన్న పొల్లను ఇటుక ఇయ్యమనుండ్రి. తక్కినోళ్లు నన్ను సంపుతట్టున్నరు" అనేవాడు మేస్త్రీ. ఆ సన్న పిల్లను నేనే. అప్పుడు తొమ్మిదో తరగతి.

తొంభైల మొదట్లో సంగారెడ్డిలో డిగ్రీలో చేరాను. మా పీటీ మేడమ్ ముసల్మాను. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, గ్రౌండులో మాత్రం నోటికి అదుపు లేదు. సాఫ్ట్‌బాల్ జట్టు కట్టడానికి మమ్మల్ని వరుసగా నిలబెట్టి తలా ఒకసారి బంతి విసరమంది. ఆ ఆటలో బంతి చేతి నిండా ఉంటుంది, పిచ్చర్ దాన్ని నడుము కింది నుంచే విసరాలి. అందరూ భుజం మీది నుంచి విసిరారు. నేను ఇటుక వేసినట్టే వేశాను. బంతి సూటిగా వెళ్లి మేడమ్ చేతిలో చప్పుడు చేసింది.

"ఎక్కడ నేర్సినవే?"

"చర్చి కాడ, మేడమ్."

"చర్చిల సాఫ్ట్‌బాల్ ఆడిపిస్తరా?"

"లేదు మేడమ్, ఇటుకలు ఏపిస్తరు."

మేడమ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మర్నాటి నుంచి నాతో గుండ్రంగా చేయి తిప్పించడం మొదలుపెట్టింది. నా బంతులు పట్టే క్యాచర్ రుద్రారం రైతుల పిల్ల. మొదటి నెలంతా ఆమె అరచేయి వాచిపోయి ఉండేది. "నీకేం పాపం చేసిన్నే?" అంటూనే మళ్లీ గ్లవ్ తొడుక్కునేది. రెండో సంవత్సరానికి జిల్లాలో మా కాలేజీతో ఆట అంటే ఎదుటి జట్టు వాళ్లు ముందుగా నేను వచ్చానా లేదా అని చూసుకునేవారు. ఇది నా గొప్ప కాదు. ఆ చేయి ఇచ్చినవాడు వేరే ఉన్నాడని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

మా సంఘపెద్దకు మాత్రం ఈ ఆట నచ్చలేదు. ఆయన ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పని చేసేవాడు, ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాడు. ఆడపిల్ల మగవాడి బట్ట తొడగరాదని వాక్యముండగా ఈ ప్యాంటు ఏమిటని మా నాన్నను ఆపి అడిగాడు. ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు నేను లేచి మ్యాచ్ ఉందంటే ఆయన తల దించుకుని పాటల పుస్తకం తిరగేసేవాడు. నాన్న వాదించే మనిషి కాదు. "ఈ ఏడు యూనివర్సిటీ టీముల వస్తే ఆడుకో బిడ్డా. రాకుంటే డిగ్రీ కాంగనే ప్యాకింగ్ సెక్షన్ల చేరుదువు. సూపర్‌వైజర్‌కు చెప్పి పెట్టిన" అన్నాడు. నా చేతిలో ఉన్నది ఇక ఆ ఒక్క ఏడాదే. అంతర్ కళాశాల పోటీల ఫైనల్ సంగారెడ్డిలో పెట్టారు. యూనివర్సిటీ జట్టును ఎంచేవాళ్లు ఆ ఆట చూసే ఎంచుతారన్నారు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ అవయవంతో పని చేస్తే ఆ అవయవానికి నూనె రాసి ప్రార్థిస్తారు. లారీ నడిపేవాడికి అరచేతులకు, మిషన్ కుట్టేవాడికి పాదాలకు, పరీక్ష రాసే పిల్లలకు నుదుటికి. ఆ పని ముగిసేదాకా నూనె తుడుచుకోరు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ ఎవరూ తప్పరు. తుడిస్తే ప్రార్థనను తోసేసినట్టని మా భయం.

ఫైనల్ పొద్దున నాయనమ్మ టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పట్టుకుని నాతో వచ్చింది. ఆట ఇక మొదలవుతుందనగా గ్రౌండు గేటు దగ్గర సంఘపెద్ద కనిపించాడు. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, నీలం యూనిఫామ్ కూడా మార్చలేదు. చేతిలో మా చర్చి నూనె సీసా. నా ఆట కోసం రెండేళ్లుగా ఒక్క మాట కూడా ప్రార్థించని మనిషి.

"చెయ్యి సాపు బిడ్డా" అన్నాడు. "రాత్రంత మిషన్ కాడ నా మనసు ఊకుంటలేదు. నీ మీద కోపం పెట్టుకున్న, తప్పు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయి చాచాను. ఆయన నూనెకు వెనకాడలేదు. వేళ్ల సందుల నుంచి మోచేతిదాకా కొబ్బరినూనె పట్టించి, అంపైర్ రెండోసారి విజిల్ వేసేదాకా ప్రార్థించాడు.

మొదటి బంతి క్యాచర్ తల మీదుగా పోయింది. రెండోది ఆమె కాళ్ల ముందు నేలను తాకింది. తోలు బంతి నా వేళ్లలో నిలవడం లేదు. నాలుగు బంతులు తప్పుగా పడితే ఎదుటి అమ్మాయి బ్యాటు ఊపకుండానే మొదటి మజిలీకి, అంటే బేస్‌కు, నడుస్తుంది. అట్లా ఒకరి వెనక ఒకరు నడిచారు. ఇద్దరు నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చి పరుగులు కూడా పూర్తి చేశారు. క్యాచర్ మాస్కు ఎత్తి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏందే, బంతి పంపుతున్నవా, చేపపిల్లను పంపుతున్నవా?"

నేను జవాబు చెప్పేలోపు గ్రౌండు చుట్టూ కట్టిన తాడు అవతలి నుంచి సంఘపెద్ద గొంతు వినిపించింది. నా బంతి దారి తప్పినకొద్దీ ఆయన ప్రార్థన స్వరం పెంచుతున్నాడు. మధ్యలో ఆపి సీసా ఎత్తి చూపాడు. "ఇంకింత రాయాల్నా, బిడ్డా?"

అంపైర్ బంతి అడిగి తీసుకుని బొటనవేలితో రుద్ది చూశాడు. బంతి మార్చాడు. చేయి శుభ్రం చేసుకుంటేనే ఆడనిస్తానని, లేకపోతే వేరే పిచ్చర్‌ను దించుకోమని మేడమ్‌తో చెప్పాడు. మేడమ్ నా చేయి పట్టుకుని చూసింది.

"పకోడీలు గోలిచ్చి వచ్చినవానే? జల్దీ కడుక్కో పో."

నేను కదలలేదు. "ప్రార్థన చేసి రాసిండ్రు, మేడమ్. ఆట అయ్యేదాంక కడుగొద్దు."

ఇంకెవరైనా అయితే తిట్టేవారు. మేడమ్ తాడు అవతలున్న పెద్దాయనను ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "బేటీ, ఇబాదత్, ప్రార్థన మాటల నేను జోక్యం చేసుకోను. గానీ కడుగకుంటే ఇంకో పొల్లను దించాలె. ఎంచెటోళ్లు శామియానా కింద కూసున్నరు. నువ్వే చెప్పు."

నాకు ఎటూ పాలుపోలేదు. కడిగితే, రెండేళ్లకు మెత్తబడిన మనసును అందరి ముందు తోసేసినట్టు. కడగకపోతే నా ఆట ఈ పూటతో సరి. తాడు దగ్గరికి నడిచాను. అప్పటికే నాయనమ్మ నీళ్ల సీసా పట్టుకుని లేచింది.

"తమ్మీ, ఉపాసమున్ననాడు తలకు నూనె అంటుకోమన్న ప్రభువే గదా మొఖం గూడ కడుక్కోమన్నది. నువ్వు రాసింది ఆయన సూసిండు. గా బంతి గూడ సూడాల్నా?"

సంఘపెద్ద చేతిలోని సీసాను చూసుకున్నాడు. నేనే అడిగాను. "పెద్దయ్యా, కడుగుకుంటే మీకు కష్టమనిపిస్తదా?"

"అనిపిస్తది" అన్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలె?" కాసేపు సీసా మూత బిగిస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని కిందికి వంగి దోసెడు పొడి మట్టి తీశాడు. "ఉత్త నీళ్లకు పోదు. చెయ్యి సాపు."

ఆయనే నా చేతికి మట్టి రుద్దాడు. వేళ్ల సందులు, మణికట్టు, మోచేయి, నూనె రాసిన తోవనే. నాయనమ్మ నీళ్లు పోసింది. మేడమ్ తన తెల్ల దుపట్టా చెంగు ఇచ్చి తుడుచుకోమంది.

ఆ తర్వాత బంతి నా మాట విన్నది. ఎర్ర టోపీ పెట్టుకున్న వాళ్ల కెప్టెన్ మూడు బంతులకూ బ్యాటు తాకించలేకపోయింది. ఆమె వెనక వచ్చినవాళ్లలో బేస్ చేరినవాళ్లు ఎక్కువమంది లేరు. అయినా ముందు ఇచ్చుకున్న పరుగులు పోవు కదా. మేము ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. క్యాచర్ నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను శామియానా వైపు చూడలేక బూట్ల తాళ్లు విప్పుతూ కూర్చున్నాను. చాలాసేపటికి మేడమ్ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"కప్పు పోయింది" అంది. "నువ్వు మాత్రం వచ్చే నెల క్యాంపుకు పోవాలె. మట్టి చేతుల పొల్ల కావాలన్నరు."

ఆ ఏడు డిగ్రీలో, మరుసటి ఏడు వ్యాయామ విద్యలో బీపీఎడ్ చదువుతూ, రెండేళ్లు యూనివర్సిటీకి ఆడాను. అప్పటిదాకా రైలే ఎక్కని నేను దేశంలో చాలా ఊళ్లు చూశాను. ప్రతి ఊళ్లో ఆదివారం చర్చి వెతుక్కుని వెళ్లి, భాష తెలియని పాటలకు పెదవులు కలిపాను. తర్వాత బడిలో పీటీ టీచర్‌నయ్యాను. ఇదంతా పెద్దగా చెప్పుకోవలసినది కాదు. చెప్పుకోవాలంటే ఆ సాయంత్రం బస్సు సంగతే చెప్పుకోవాలి.

సంగారెడ్డిలో ఎక్కినప్పుడు సంఘపెద్ద మా ముందు సీట్లో కూర్చున్నాడు. రాత్రి నిద్ర లేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బస్సు ఊరు దాటాక వెనక్కి తిరిగాడు.

"గదంత సరే గని, గా ఎర్ర టోపీ పొల్ల కొట్టకుండనే ఎందుకు పోయింది?"

సరిగ్గా పడ్డ మూడు బంతులు కొట్టలేకపోతే, అంటే మూడు స్ట్రైకులైతే, అవుటని టిఫిన్ డబ్బా మూతను బేస్‌గా పెట్టి చెప్పాను. మోకాళ్ల కిందికి పోతే లెక్కలోకి రాదన్నాను.

"మరి మొదటోళ్లకు కొట్టకుండనే బేస్ ఎట్ల ఇచ్చిండ్రు? అన్యాయం గాదా?"

"నాలుగు బంతులు తప్పు పోతె అట్లనే ఇయ్యాలె, పెద్దయ్యా."

ఆయన టిఫిన్ డబ్బా మూత మీద వేలితో లెక్కపెట్టాడు. రుద్రారం దాటింది. "అంటే గా పరుగులు నా కాతాల పడ్డయన్నట్టు" అన్నాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

ఇస్నాపూర్‌లో దిగి చిట్కుల్‌కు నడిచాక మా ఇంటి సందు దాకా వచ్చి ఆగాడు. "మీ నాయినతోని నేను మాట్లాడుత. ప్యాకింగ్ సెక్షన్ల ఇంకెవ్వలనన్న పెట్టుకొమ్మని సూపర్‌వైజర్‌కు గూడ నేనే చెప్త" అని, నిద్ర కళ్లతో తన ఇంటివైపు తిరిగాడు.