వరద పాశం నాకిన రోజు

మా చిన్నప్పుడు వాన ముఖం చాటేస్తే ఊరు ఊరంతా వెళ్ళి బండ నాకేది... నవ్వకండి, నిజంగానే!

హనుమంతునిపాడు దగ్గర మెట్ట ఊరు మాది. తొలి వాన పదునుకు కంది, సజ్జ విత్తేసి, ఇక ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడమే. ఆ ఏడు మొలకలు బెత్తెడు లేచాయో లేదో, వాన ఆగిపోయింది. మబ్బులు మాత్రం రోజూ వచ్చేవి... పని లేని చుట్టాల్లా కాసేపు కూర్చుని, పొద్దుగూకేసరికి తూర్పుకు జారుకునేవి.

మా దొడ్లో చొప్ప వామి అడుగంటింది. ఒకరోజు అన్నం తింటూ నాయన మా జేజితో అన్నాడు. మేం నాయనమ్మను జేజి అంటాం.

"ఆదివారం లోపల వాన పడకుంటే ఎడ్లను సంతకు తోలుకపోతానమ్మా. మేపు లేదు. కండ్ల ముందర వాటి కడుపులు ఎండగట్టలేను."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ జతలో ఎర్రెద్దు నాది. అంటే... నాదని నేనే చెప్పుకున్నాను. బడి నుంచి రాగానే అది నా జడ పట్టుకుని నమలబోయేది. అంతకంటే రుజువేం కావాలి!

ఆ వారంలోనే పెద్దలు వరద పాశం చేద్దామన్నారు. పాశం అంటే పాయసమే. ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం పోగేసి, ఊరి బయట పరుపుబండ దగ్గర గుండిగల్లో వండుతారు. బండను శుభ్రంగా కడిగి, దేవుడికి దండం పెట్టి, పాశాన్ని ఆ బండ మీదే పోస్తారు. గిన్నె లేదు, విస్తరి లేదు... చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, నాలుకతో నాకాలి. అట్లా నాకితే వరుణదేవుడు కరుగుతాడని నమ్మకం.

నా నేస్తం రూతు మాత్రం దూరంగా నిలబడింది. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు... తను బండ నాకవచ్చో లేదో దానికి తెలియలేదు. మా చేలో కలుపుకు వచ్చే వాళ్ళమ్మే దాన్ని ముందుకు తోసింది.

"వాన పడకుంటే మనకు కూలి యాడిదే? పో, పోయి నాకు!"

ఇక చూడాలి మా ఊరి వైభోగం... పెద్ద పెద్ద మీసాల నిండా పాశం. బడిలో మమ్మల్ని మోకాళ్ళ మీద నిలబెట్టే సారు, ఆ రోజు మా పక్కనే మోకాళ్ళ మీద! నెత్తీ నెత్తీ ఢీకొట్టుకోవడం, రూతు ముక్కు కొసన బెల్లం, ఎండకు కాలిన బండ తగిలి నాలుక చురుక్కుమనడం... తిండి గింజలకు వెతుక్కునే రోజుల్లో అంత నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా జేజి వెనక నుంచి ఒకటే అరుపు.

"మెతుకు మిగల్చొద్దు పిల్లల్లారా! మీరు మెతుకు మిగిలిస్తే, దేవుడు వాన మిగిల్చుకుంటాడు!"

ఆ మాట జేజి అప్పటికప్పుడు పుట్టించిందని ఇప్పుడు నా అనుమానం. అప్పుడు మాత్రం వేదవాక్కు.

అందరూ లేచి మూతులు కడుక్కున్నా నేను లేవలేదు. బండ నెర్రెల్లో ఇరుక్కున్న మెతుకుల్ని నాకుతూనే ఉన్నాను. నాలుక మండిపోతోంది...

నాయన వచ్చాడు. "ఏందమ్మా, ఇంకా ఏం నాకుతుండావు? లే."

"ఎర్రెద్దు కోసం నాయనా" అని బావురుమన్నాను.

నాయన తుండుగుడ్డతో నా మూతి తుడిచి, ఎత్తుకునే వయసు దాటిపోయినా భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చాడు.

వాన పడిందా అంటే... లేదు. ఆదివారం రానే వచ్చింది. చుక్క లేదు. సంతకు పోయేవాళ్ళు మా వాకిట్లో ఆగి కేకేశారు.

"అన్నా, ఎడ్లను తోలతానంటివి?"

నేను తలుపు చాటున నక్కి వింటున్నాను.

"పాప నాకిన బండ ఇంకా తడి ఆరలేదు లేబ్బా" అన్నాడు నాయన. "ఇంకో వారం చూస్తా."

వాళ్ళు నవ్వారు. నాయన నవ్వలేదు. ఎవరి గడపా తొక్కి ఏదీ అడగని మనిషి... ఆ మధ్యాహ్నమే పొరుగూరి మామ దగ్గరికి వెళ్ళి, బండెడు చొప్ప అడిగి తెచ్చాడు.

ఆ వారం గడవకముందే పడింది వాన... కాలవలు పొంగేంత వాన! పాశం నాకని ఊళ్ళల్లో కూడా అంతే పడింది లెండి. ఆ సంగతి మా ఇంట్లో ఎత్తబోయిన వాళ్ళను నాయన కళ్ళతోనే ఆపేశాడు. ఎర్రెద్దు మా దొడ్లోనే ఉండిపోయింది.

ఈమధ్య ఊళ్ళో మళ్ళీ వరద పాశం అని తెలిసి, మార్కాపురం నుంచి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. పిల్లలందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలకు సిద్ధంగా ఉన్నారు. ఒక పెద్దాయన వాళ్ళను ఎగాదిగా చూశాడు.

"అవి పట్టుకొని చేతులు ఎనక్కి ఎట్ల కట్టుకుంటార్రా? ఈ గంపలో పడేయండి!"

ఫోన్లన్నీ గంపలోకి పోయాయి. కాసేపు మూతులు ముడుచుకున్నారు... ఆ తర్వాత ఆ మూతులకే పాశం! ఇంటికి బయల్దేరేదాకా ఒక్కరికీ గంప గుర్తు రాలేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

దారిలో మా అమ్మాయిని అడిగాను... ఎవరి కోసం నాకావే అని.

"ముందు తీపి కోసమేనమ్మా" అంది నిజాయితీగా. "తర్వాత తాత వాళ్ళ కంది చేను కోసం."

ఇప్పుడు ఎడ్లు లేవు, ట్రాక్టరే. వాన ఎప్పుడో ఫోనే చెప్పేస్తోంది, ఈ వారమంతా లేదట. అందరం కలిసి మొహాలెత్తి ఎదురుచూడటం మాత్రం తగ్గిపోయింది. మీ ఊళ్ళో వాన కోసం ఏం చేసేవాళ్ళు? బండ నాకినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే సిగ్గుపడకుండా రాయండి...

ఇది రాస్తుంటే బయట ఎండ పేలిపోతోంది. మా అమ్మాయి మాత్రం దండెం మీద బట్టలు గబగబా తీసి లోపల వేస్తోంది. ఎందుకే అంటే, "వాన పడితే తడుస్తాయి కదమ్మా" అంటోంది.