విప్పిన గుండీలు

ముసలి టైలరు చొక్కాకి నాలుగో గుండీ కుడుతూ టక్కున ఆగి, బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఈ గుండీలు నేను కుట్టినవే కదూ? ఇవిగో, పాత సూది బెజ్జాలు. ఎవడు విప్పాడు?"

మిషను మీద కొడుకు చెయ్యి ఆగిపోయింది. నాన్నకి మతిమరుపు మొదలవుతోందనీ, ఖాళీగా కూర్చోబెడితే ముదురుతుందనీ, బుర్రకీ చేతికీ పని చెప్పమనీ డాక్టరు చెప్పాడు. కస్టమర్ల బట్టలు పాడుచేస్తాడేమోనని భయపడి కొడుకు తన పాత చొక్కా ఇచ్చాడు. రోజూ దుకాణం కట్టేసే ముందు గుండీల కుట్లు విప్పేసి, పొద్దున్నే మళ్లీ అదే ఇస్తున్నాడు.

"నేనే నాన్నా," అన్నాడు తలెత్తకుండా.

"పసివాడి చేతిలో గిలక్కాయ పెట్టినట్టు పెట్టావన్నమాట. నీకు సూది పట్టడం నేర్పింది ఎవర్రా?"

కొడుక్కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లేచి వెళ్లి, సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"కాజాలు నువ్వే కుట్టు నాన్నా. నాకు అంత బాగా రావు."

"ఇప్పుడు కాకా పడుతున్నావా?" అని గొణుగుతూనే పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. మొదటి కాజా కాస్త వంకర పోయింది. ఆయనే చూసుకున్నాడు, ఆయనే విప్పి మళ్లీ కుట్టాడు. కొడుకు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. తండ్రి మొహంలోకి చూసే ధైర్యం మాత్రం సాయంత్రం దాకా రాలేదు.

కస్టమరు రాగానే పెద్దాయన కోటు దులిపి, తనే అతని భుజాలకి తొడిగి, గుండీలన్నీ పెట్టి పంపించాడు.