దేనికదే విడిగా

కంప్యూటర్లో ఏది చూసినా నేను దేనికది వేరే విండోలోనే తెరుస్తాను. కరెంటు బిల్లుకొకటి, బ్యాంకుకొకటి, పేపరుకొకటి. మూసేముందు ఒక్కో విండోను పక్కకు జరిపి, వెనకాల ఇంకేమన్నా ఉండిపోయిందా అని చూస్తాను. మా కోడలికి ఇదంతా చూస్తే ఒళ్లు మంట.

"అత్తమ్మా, పైన ట్యాబులుంటయి గదా. అన్నీ ఒక్కదాంట్లనే తెరవచ్చు. గిన్ని విండోలెందుకు?" అంటుంది.

"ఒకదానెనుక ఒకటి దాక్కుంటే నాకు పడదు" అంటాను.

ట్యాబుల సంగతి తెలియక కాదు. పైన చిన్న చెవి మాత్రం కనిపిస్తుంది, మిగతా ఒళ్లంతా వెనక్కి పోతుంది. కనిపించనిదాన్ని నేను నమ్మను. మొదటినుంచీ అంతే. మడతలన్నీ విప్పించందే చీర కొనేదాన్ని కాను. అనుమానప్పక్షి అని మా అమ్మ నాకు చిన్నప్పుడే పేరు పెట్టింది. ఆ పక్షి ఒకసారి ఏం చేసిందో కోడలికి చెప్పలేదు.

ఎనభైల మొదట్లో హన్మకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేదాన్ని. నాకు పైన ఒక పెద్ద గుమాస్తా ఉండేవాడు. ఆయన ఒక్కో మనిషికి సంబంధించిన కాగితాలన్నీ ఒకే లావుపాటి ఫైలులో కట్టి, ముఖ్యమైనవాటి అంచుకు చిన్న చీటీ గుండుసూదితో గుచ్చేవాడు. చీటీ మీద ఏ, బి, సి అని అక్షరం. ఆఫీసరు అడగడమే ఆలస్యం, బొటనవేలితో చీటీ పట్టి కాగితం తీసి చూపించేవాడు. ఆఫీసంతటికీ ఆ వేలంటే భక్తి. ఇంత చప్పున తీయగలిగినవాడు అంతే చప్పున మాయం చేయలేడా అని నాకు.

అందుకే ఫైలు నా దగ్గరికి రాగానే కట్టు విప్పి, కాగితాలన్నీ బల్ల మీదా స్టూలు మీదా కిటికీ గట్టు మీదా విడివిడిగా పరిచేదాన్ని. ఫ్యాను గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక గులకరాయి. సాయంత్రం అన్నీ దొంతర పెట్టి ఇంటికి పోయేదాన్ని.

"ఏం చెల్లె, అంగడి పెట్టినవా?" అని ఆయన నవ్వేవాడు.

"అంగట్ల సరుకు కండ్లకు కనవడ్తది సార్" అనేదాన్ని.

ఆ రోజుల్లోనే మా అటెండరు ఒకాయన జబ్బు చేసి పోయాడు. ఆయన భార్య నర్సంపేట పక్క పల్లెలో ఉండేది. ముప్పై నిండని మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. భర్త ఉద్యోగం తనకిమ్మని దరఖాస్తు పెట్టుకుంది. దానికి ప్రాణం ఆమె ఏడో తరగతి సర్టిఫికెట్. బడి రిజిస్టర్లను చెదలు తినేశాయి గనుక ఆ కాగితం పోతే ఇంకొకటి పుట్టదు. అది లేకపోతే ఉద్యోగమూ లేదు.

ప్రతి సోమవారం బస్సులో వచ్చి మా వరండా బెంచీ మీద కూర్చునేది. "అక్కా, నా కాగితం పైలమేనా? ఈ నౌకరి రాకుంటే పిల్లల బడి బందు వెట్టాలె" అనేది.

"నా బల్ల మీదనే ఉన్నది. పైలమే" అని ధైర్యం చెప్పేదాన్ని.

సంతకం పెట్టే రోజున ఆఫీసరు ముందు ఫైలు తెరిస్తే బి చీటీ తర్వాత డి చీటీ ఉంది. సి లేదు, సర్టిఫికెట్టూ లేదు. పెద్ద గుమాస్తా ఫైలు రెండుసార్లు తిరగేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తన చొక్కా జేబు కూడా తడుముకున్నాడు. నాకు ఆ ఒక్కటే చాలింది. పైగా ఆ ఖాళీలో తన బామ్మర్దిని పెట్టించుకోవాలని చూస్తున్నాడని ఎవరో అనగా విని ఉన్నాను.

"సార్, ఫైలు కట్టేది ఈయననే, చీటీలు గుచ్చేది ఈయననే. ఈయన చేతులకెల్లి గాక ఇంకెట్ల పోతది?" అన్నాను ఆఫీసరుతో.

ఆయన నా వైపు తిరిగాడు. "చెల్లె, నేను తీసుడు నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు సార్, తెలుస్తనే ఉన్నది."

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. సోమవారం ఆమె రాగానే వరండాలో పక్కకు పిలిచి, "నీ కాగితం ఆయననే దాచిండు, బామ్మర్ది కోసం" అని చెప్పాను. ఆమె ఏడవలేదు. తలుపులోంచి ఆయన్ని అదేపనిగా చూసింది. నేను న్యాయం చేశాననుకుని ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

ఆయన్ని రికార్డు గదిలో వేశారు. నెల దాటింది. ఆమె సోమవారాలు వస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆయన కనుబొమల నిండా దుమ్ముతో నా దగ్గరికి వచ్చి బల్ల మీద ఒక ఫైలు పెట్టాడు. అది సెలవుల ఫైలు. నేను తప్ప ఎవరూ ముట్టనిది, పని ముగించి నేనే రికార్డు గదికి పంపినది. వెనక అట్ట తిప్పి చూపించాడు. సర్టిఫికెట్ అక్కడ వేలాడుతోంది. సి చీటీ గుండుసూది మొన అట్టలో దిగబడింది. విడిగా పరిచిన కాగితాన్ని సాయంత్రం దొంతరలో ఆ ఫైలు కింద పెట్టింది నేనే. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేనైతే వెతకను కూడా లేదు. లోకాన్నంతా అనుమానించినదాన్ని నా బల్లను మాత్రం అనుమానించలేదు.

"కట్టలన్నీ ఒక్కొక్కటి ఇప్పి చూసిన చెల్లె. ఎక్కడ దొరికిందో ఎవ్వలకు చెప్ప. ఆ పిల్ల పని చేయించు" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. సర్టిఫికెట్ రికార్డు గదిలో దొరికిందని మాత్రం ఆఫీసరుకు తెలిసింది. భయపడి ఆయనే తెచ్చి పెట్టి ఉంటాడని అందరూ అనుకున్నారు. విని ఊరుకున్నాను.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. పిల్లలు బడి మానలేదు. రోజూ అందరికీ చాయ్ పంచేది. నా కప్పు రెండు చేతులతో అందించేది. ఆయన కప్పు దూరంగా బల్ల చివర పెట్టి, మొహం తిప్పుకుని పోయేది. ఆయన లేచి తెచ్చుకుని తాగేవాడు. రిటైరయ్యేదాకా అంతే జరిగింది. ఒక్కసారి నా వైపు చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఎన్నడూ చూడలేదు.

ఆయన వీడ్కోలు రోజున అందరం దండలు వేశాం, ఆమె తప్ప. సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆనాడు నువ్వు మొత్తుకోకుంటే నా కాగితం దొరక్కపోతుండె. ఆయన ఎందుకు దాచిండో నీకెన్నడన్న చెప్పిండా?"

గడప దగ్గర ఆయన వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"పోనీయ్ చెల్లె, ఎనుకటి ముచ్చట" అన్నాను.