సున్నం కింద దొర

బాపట్ల చరిత్ర నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది కాబట్టి, పుస్తకాల్లో లేని చరిత్ర కూడా నా దగ్గరే మిగిలింది. తెల్లదొరల కాలంలో ఊరికి పడమటగా ఉన్న కాలవ మీద బియ్యం, ఉప్పు ఎక్కించుకుని పడవలు మద్రాసు దాకా పోయేవి. కాలవ మీద అధికారం చేసిన దొర ఒకాయన సూర్యలంక సముద్రాన్ని కూడా అందులోకి తిప్పబోతే, సముద్రమే వచ్చి కాళ్లు పట్టుకుందని చెబుతుంటాను. నమ్మినవాళ్లున్నారు. రైలొచ్చింది, పడవలు పోయాయి. గట్టు మీద ఆ దొర సమాధి ఒక్కటి మిగిలింది.

దాన్ని చూసుకున్నది మా బర్నబాస్ పెదనాన్న. సున్నాలు వేయడం ఆయన పని. ఆయన తాత ఆ కాలవలో పూడిక తీసినవాడు. తాతకి కలరా తగిలినప్పుడు దొర దగ్గరుండి మందు పోయించాడట; తాత బతికాడు, దొర అదే కలరాలో పోయాడు. ఇది మాత్రం నా కల్పన కాదు. ఏటా నవంబరులో సమాధుల పండుగకి మా లూథరన్ చర్చివాళ్లంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసుకుంటుంటే, ఆయన ముందు కాలవ గట్టుకే పోయేవాడు. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఈయనా వేశాడు. నీలిమందు కలిపి, పేరున్న పలక మీద రెండు పూతలు.

"ఏంటి పెదనాన్నా, పెద్దమ్మ సమాధికి ఒక పూత, దొరకి రెండా?" అని ఏడిపించేవాణ్ని.

"మీ పెద్దమ్మ నా మనిషిరా, సర్దుకుంటది. ఆయనకెవరున్నారు?"

బాపట్ల జిల్లా కేంద్రమయ్యాక గట్టు రోడ్డు వెడల్పు చేయాలన్నారు. సమాధి అడ్డొచ్చింది. కొలతలకు వచ్చిన ఇంజనీరు సంధ్యారాణి మంచి మనిషి. "ఎవరిదో తెలిస్తే పాత కట్టడమని రాస్తానండి, రోడ్డు కాస్త పక్కకి జరుపుతారు. పలక మీద పేరుంటుందిగా?" అంది.

"లేకేం తల్లీ" అంటూ పెదనాన్న ఇనప రేకు తీసుకుని గీకాడు. సున్నం పెచ్చులుగా లేచింది. ముందు తనది, తర్వాత తండ్రిది, ఆ కింద తాతది. దాంతోపాటు రాతి పైపొర కూడా ఊడి వచ్చింది. అక్షరాలు పెచ్చులకే అంటుకుని పొడిపొడిగా రాలిపోయాయి. సిలువ గుర్తు సగం మిగిలింది.

"నువ్వెప్పుడూ చదవలేదా?" అన్నాను.

"ఇంగ్లీషు నాకేం తెలుసురా. తెల్లగా ఉంటే చాలనుకున్నా."

ఆయన్ని పక్కకు లాగాను. "ఏదో ఒక దొర పేరు చెప్పేద్దాం. నా దగ్గర బోలెడున్నాయి. ఆవిడ రాసుకుంటది, సమాధి నిలబడుద్ది."

ఆయన ఆ సగం సిలువ మీది సున్నం పొడి తుడిచాడు. "ఒకరి సమాధి మీద ఇంకొకరి పేరు పెడతామా? వద్దురా." సంధ్యారాణి దగ్గరకు పోయి, "తెలియదండి. చెరిపింది మేమేనండి" అన్నాడు. ఆవిడ కొలతల టేపు చుట్టుకుంది.

సమాధి తవ్వేసే రోజున పెదనాన్న పాస్టరుగారిని పిలిపించాడు. తవ్వకం మిషన్ పక్కన ఆగి ఉంది. పాస్టరుగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ దాసుడైన..." అని మొదలుపెట్టి, పేరు కోసం కళ్లు తెరిచి పెదనాన్న వైపు చూశారు.

పెదనాన్న తల దించుకున్నాడు. "పేరు మా చేతుల్లోనే పోయిందని చెప్పండి అయ్యగారూ."