అన్న కాలికి సరిపోయిన పళ్ళచక్రం

నా సైకిల్ వెనక చక్రానికి ఎన్ని పళ్ళు ఉండాలో మా అన్న కాలు నిర్ణయించింది. కోవిల్‌పట్టిలో మా వీధిలో, పట్టపగలు, అన్న తన ఎడమ కాలిని మడిచి తుండుతో తొడకు కట్టుకుని, ఆ లేడీస్ సైకిల్‌ను ఒంటికాలితో తొక్కుతూ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. వీధంతా నవ్వింది. వాకిట్లో కూర్చుని నేనూ నవ్వాను. నన్ను ఎక్కించి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్లను నలుగురు మగవాళ్ళ ముందు సైకిల్ మీదికి ఎత్తడం బాగుండదని అమ్మ ముందే అనేసింది.

"పద్దెనిమిది పళ్ళు సాలు మామా," అన్నాడు అన్న, తుండు విప్పుకుంటూ సైకిల్ కడ నడిపే మామతో. దుకాణాన్ని మా వైపు కడ అంటారు. "నేనే తొక్కి సూస్తినే, మెత్తగా పోతాది."

మామ పానా తీసి వెనక చక్రాన్ని గట్టిగా బిగించేశాడు. అన్న కాలు మా సొంతూరు నాగలాపురం చేలలో దుక్కి దున్నిన కాలు. నా కుడి కాలు ఒంటరిగా ఇరవై ఏళ్ళు నన్ను మోసింది, నిజమే, కానీ అది దుక్కి దున్నలేదు.

నాకు ఎడమ కాలు ఉందంటే ఉంది. మూడో ఏట జ్వరం వచ్చి పోలియోలో పడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి ఓ ఇరవై అడుగులు వేస్తాను, ఆపైన పట్టుకోవడానికి గోడ కావాలి. తొంభైల్లో నాలాంటి వాళ్ళకు ఎస్‌టీడీ బూత్‌లు ఇచ్చేవారు. నాన్న పోయి, వానల్లేని ఊరు వదిలి మేము పట్నానికి వచ్చాక అన్న ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి నా పేరున ఒక బూత్ తెచ్చాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. బూత్ రైల్వే గేటుకు అవతల, ఇల్లు గేటుకు ఇవతల. మధ్య దూరం రెండు కిలోమీటర్లు ఉండదు.

పొద్దున ఏడింటికి అన్న నన్ను తన సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని అక్కడ దింపేవాడు. మళ్ళీ రాత్రే రావడం. మధ్యలో నేనూ, ఫోన్లూ, ఎర్ర అంకెల మీటరూ, మూడు వైపులా అద్దమూ. అద్దం బయట ఊరంతా తిరుగుతూ ఉంటుంది. చేతిలో పని లేని గంటలు ఎన్నుండేవంటే, చుట్టూ తమిళమే ఉన్న ఊళ్ళో, ఇంట్లో మాట్లాడడమే తప్ప ఎన్నడూ చూడని తెలుగు అక్షరాలను గుంటూరు లారీ డ్రైవరు ఒకాయన ఇచ్చిన వాచకం పెట్టుకుని అక్కడే నేర్చేసుకున్నాను. అయితే నన్ను నిజంగా వేధించింది తోచకపోవడం కాదు. ఆ చుట్టుపక్కల నేను వెళ్ళగలిగిన మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన గ్లాసు కాఫీ తర్వాత రాత్రిదాకా చుక్క నీళ్ళు ముట్టేదాన్ని కాదు. చిత్తిరి నెల నడివేసవి ఎండల్లో కూడా. నాలుక పిడచగట్టుకుపోయి ఫోన్ చేసేవాళ్ళకు నంబరు తిరిగి చెప్పలేకపోయేదాన్ని. ఒంటికి పోతే మంట పుట్టి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపేసింది.

నాకు కావలసింది ఒక్కటే. మధ్యాహ్నం ఒక్కసారి నా అంతట నేను ఇంటికి వెళ్ళి రావాలి.

అన్నను అడగలేదా అంటే, అడిగాను. వస్తానన్నాడు. వారం రోజులు వచ్చాడు. తర్వాత ఏదో పని పడిందన్నాడు. నేను రెండోసారి అడగలేదు. అన్న నన్ను ఒక్కనాడూ విసుక్కోలేదు, అదే నా ప్రాణానికి వచ్చింది. విసుక్కునే మనిషైతే పోట్లాడవచ్చు. ఏళ్ళ తరబడి నవ్వుతూ మోసేవాడితో ఏమని పోట్లాడతాం? వీధిలో అందరూ దేవుడిలాంటి అన్న అనేవారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మండినందుకు మళ్ళీ సిగ్గేసేది.

సైకిల్ ఆలోచన మామది. ఆయన కడ మా బూత్‌ను ఆనుకునే ఉంటుంది. విరుదునగరంలో ఒక పప్పుమిల్లు వాచ్‌మన్‌కు ఒకటే కాలట, ఆయనకు ఇలాంటి బండి చేసి ఇచ్చాడట. మామూలు సైకిల్‌లో ఒంటికాలితో పెడల్ కిందికి తొక్కితే అది కిందే ఉండిపోతుంది, పైకి తెచ్చే రెండో కాలు లేదు. అదే వెనక పళ్ళచక్రంలోని ఫ్రీవీల్‌ను వెల్డింగుతో బిగించేస్తే చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. కిందికి నేను తొక్కితే పైకి చక్రమే తెచ్చి ఇస్తుంది. ఎడమ పెడల్ తీసేసి, ఆ కాలు పెట్టుకోవడానికి ఫ్రేముకు ఒక ఇనుప పలక అతికించాడు. బండి ఎక్కాలన్నా దిగాలన్నా నాకు పక్కన సరైన ఎత్తులో మెట్టు ఉండాలి. ఇంటి తిన్నె ఒకటి, బూత్ ముందు సిమెంటు మెట్టు ఒకటి. ఈ భూమ్మీద నేను దిగగలిగిన చోట్లు ఆ రెండే.

మొదటి రోజు అన్న తన సైకిల్‌తో పక్కనే వచ్చాడు. చదునుగా ఉన్నంత మేర బాగానే పోయింది. గేటు దగ్గర రోడ్డు మిట్టగా పట్టాల మీదికి లేస్తుంది. గేటు పడింది. గేటు పక్కన స్తంభాన్ని పట్టుకుని బండి మీదే ఆగాను. గూడ్సు పోయింది, గేటు లేచింది, బస్సులూ లారీలూ కదిలాయి. నేను కదల్లేదు. పెడల్ కిందికి వచ్చి ఆగి ఉంది. మామూలు సైకిలైతే వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవచ్చు, దీన్ని అలా తిప్పడానికి లేదు. అన్న దిగి వెనక చక్రం ఎత్తి పెడల్ పైకి తిప్పి పెట్టాడు. ఒంటి బరువంతా వేసి తొక్కాను. ఆ పద్దెనిమిది పళ్ళ చక్రం గోడను తోసినట్టు ఉంది. వెనక హారన్లు, ముందు నుంచి వచ్చేవాళ్ళ చూపులు. చివరికి అన్న క్యారియర్ పట్టుకుని నన్ను పట్టాలు దాటించాడు.

"అప్పుడే సెప్తినే పాపా," అన్నాడు. "నీకి ఏల ఈ కష్టం, నేను లేనా?"

మర్నాడు మళ్ళీ క్యారియర్ ఎక్కాను. ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యమని అన్న ఆ సైకిల్‌ను మామ కడలోనే పెట్టించాడు. రెండు నెలలు అది అద్దం అవతల గోడకు ఆని ఉంది. నేను దాని వంక చూడకుండా కూర్చోవడం నేర్చుకున్నాను.

మామ వారానికోసారి సామాన్ల కోసం విరుదునగరంలో హోల్‌సేల్ కడకు ఫోన్ చేయడానికి బూత్‌కు వచ్చేవాడు. ఒకరోజు ఆయనకు నంబరు కలుపుతూ, బరువులు మోసే బండ్లకు ఎన్ని పళ్ళది వేస్తారు మామా అని అడిగాను. ఇరవై రెండు అన్నాడు. నాకు ఎందుకు వెయ్యలేదన్నాను. మీ అన్న పద్దెనిమిది చాలన్నాడు కదా అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. ఫోన్ అవతల ఎవరో హలో హలో అంటున్నారు. మామ రిసీవర్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"ఎవురి కాలికి తాయీ నేను అది యేసింది?"

ఆయన మొహం నిజంగా చిన్నబోయింది. ఆ ఫోన్‌లోనే ఇరవై రెండు పళ్ళది ఒకటి, ఇరవై పళ్ళది ఒకటి పంపమన్నాడు.

ఆ తర్వాతవన్నీ అన్నకు తెలియకుండా జరిగిన మధ్యాహ్నాలు. ఎండకు మనుషులు పలచబడే వేళ బూత్‌కు బీగం వేసి, సిమెంటు మెట్టు మీంచి సైకిల్ ఎక్కేదాన్ని. మామ పక్కన పరుగులాంటి నడకతో వచ్చేవాడు. పట్టాల అవతల కొంత దూరం పోయి, చుట్టు తిరిగి వెనక్కి వచ్చేవాళ్ళం. ఇరవై రెండుతో మిట్ట ఎక్కడం సునాయాసమైపోయింది. పెడల్ దగ్గరున్న ముందు పళ్ళచక్రానికి నలభై నాలుగు పళ్ళు, కాబట్టి పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. పసిపిల్ల కూడా తొక్కగల బండి అయిపోయింది. ఎక్కించే చక్రం దిగేటప్పుడు ఊరుకోదని పట్టాల అవతలి వాలులో తెలిసింది. చిన్న గేరులో చక్రం పరిగెత్తితే పెడల్ ఇంకా జోరుగా తిరగాలి. ఆపుదామంటే ఆగదు. బ్రేకు పట్టేలోపు నా పాదం జారింది, పెడల్ వచ్చి ముంగాలి ఎముక మీద కొట్టింది. మామ పైతుండు చించి కట్టు కట్టాడు. రాత్రి అన్నకు మెట్టు తగిలిందని చెప్పాను. ఆయన రెండు రోజులు నన్ను చేతుల మీద ఎత్తుకుని మరీ దింపాడు. అబద్ధం చెప్పినందుకు దక్కిన శిక్ష అది.

ఆ తర్వాత మామ ఇరవై పళ్ళది వేశాడు. దానితో ఎక్కడానికి కొంచెం పళ్ళు బిగించాలి, దిగడానికి కొంచెం ఓర్చుకోవాలి, రెండూ నా కాలు చేయగలిగినవే. కానీ ఆగడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. చక్రం మారితే ఒక్కో తిప్పుకు పోయే దూరం మారుతుంది, గేటు దగ్గర ఆగేసరికి పెడల్ ఎక్కడుంటుందో అదీ మారుతుంది. గేటుకు ముందున్న కరెంటు స్తంభం దగ్గర పెడల్ పైన ఉండేలా చూసుకుంటే అక్కణ్ణుంచి ఇరవై రెండుతో పన్నెండు తిప్పులు, ఇరవైతో పదకొండుకు కాస్త తక్కువ. ఆ కాస్త దగ్గరే నా ప్రాణమంతా. పదో తిప్పు తర్వాత కొంచెం పక్కకు వంకర తీసుకుని వస్తే గేటు పక్క స్తంభం చేతికందే వేళకు పెడల్ సరిగ్గా పైకి వచ్చి ఉండేది. అది నాకు ఎవరూ చెప్పలేదు. ఎన్ని మధ్యాహ్నాలో లెక్కపెట్టి నేనే కనుక్కున్నాను. అంత గర్వం నాకు బూత్ వచ్చిన రోజున కూడా లేదు.

ఒక మంగళవారం మామను రావద్దన్నాను. ఒంటరిగా బయల్దేరాను. గేటు పడింది, ఆగాను. గేటు లేచింది, కదిలాను. మా వీధి మలుపు తిరిగి తిన్నె పక్కన ఆనుకునేసరికి చెమటకు తడిసి ముద్దయింది నా రవికె.

లోపల అన్న, అమ్మ అన్నాలు తింటున్నారు. నేను మధ్యాహ్నం వేళ మా ఇంటిని చూడడం ఎన్నేళ్ళకో. అన్న ఏదో చెబుతున్నాడు, అమ్మ పొలమారేలా నవ్వుతోంది. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు.

"ఎవురు తెచ్చిరి నిన్ని?" అంది అమ్మ.

"నేనే వస్తిని."

అమ్మకు అర్థం కాలేదు. నా వెనక ఎవరున్నారా అని తొంగి చూసింది. అన్న లేచి ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వచ్చాడు. సైకిల్ వెనక వంగి చూశాడు. పళ్ళు లెక్కపెట్టాడనుకుంటాను.

"నన్ని అడిగింటే నేనే మార్చింటా గదా," అన్నాడు. తర్వాత, "బూత్ కాడ ఎవురుండారు?"

బీగం వేసి వచ్చానన్నాను. ఆ టైములో మార్కెట్ వాళ్ళు ఫోన్లకు వస్తారే అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. సరే తిను, నేను తీసుకుపోయి దింపుతాను, సైకిల్ ఇక్కడే ఉండనీ అన్నాడు.

నేను పెరట్లోకి వెళ్ళి వచ్చి, రెండు చెంబులు నీళ్ళు తాగాను. అన్నం వద్దన్నాను. ఇన్ని నెలలు ఇన్ని పళ్ళు లెక్కపెట్టి నేను సంపాదించుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ అద్దాల పెట్టెలోకి ఇకమీద నా కాలితో నేనే వెళ్తాను. అంతే. తిన్నె మీంచి ఎక్కి, అన్న చెయ్యి కడుక్కుని వచ్చేలోపే కదిలాను.

గేటు తీసే ఉంది. పట్టాలు దాటాక బూత్‌కు ఎడమకు తిరగాలి. తిరగలేదు. తిరగకూడదని అనుకోనూ లేదు, హ్యాండిల్ అలా తిన్నగా ఉండిపోయింది. కడంబూరు దారి పట్టాను. ఇళ్ళు అయిపోయాయి, అగ్గిపెట్టెల కంపెనీ గోడ అయిపోయింది, నల్లరేగడి మొదలైంది. చదును రోడ్డు మీద ఇరవై పళ్ళ చక్రం ఎంత హాయిగా తిరుగుతుందో అప్పుడు చూశాను. ఒక మిరపచేను పక్కన దిగి కాసేపు నిలబడాలనిపించింది. గట్టిగా అనిపించింది. దిగితే మళ్ళీ ఎక్కడానికి మెట్టు లేదు, ఎత్తేవాళ్ళు లేరు. లారీలు తూచే కాటా ముందున్న ఖాళీ జాగాలో ఆగకుండానే పెద్ద చుట్టు తిరిగి, అటునుంచి అటే వెనక్కి వచ్చేశాను. ఏడ్చానేమో, గాలికి తెలియలేదు.

బూత్ ముందు ఫోన్ చేయడానికి వచ్చినవాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. అన్న కూడా ఉన్నాడు, చెమటలు కక్కుతూ. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"యాడికి పోయింటివి?"

"ఊరికే."

"ఊరికే ఎవురైనా పోతారా పాపా?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. ఆయన రోజూ టీ కడకూ, బస్టాండుకూ, స్నేహితుల ఇళ్ళకూ ఊరికే పోయేవాడే. నేను ఊరికే ఒక చోటికి వెళ్ళడం పుట్టాక అదే మొదటిసారి. నడుముకున్న బీగం చెవి తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన తలుపు తెరిచి ఫ్యాను వేశాడు. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను.