నేల ఉసిరి కోసం బయ్యారం, తమ్ముడి కోసం భూపాలపల్లి

మా తమ్ముడు రమేష్ భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడు. మొన్న వానాకాలంలో వాడి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు, మా వైపు పసిరికలంటారు. హనుమకొండ డాక్టరు మాత్రలు రాసి, తాగుడు పూర్తిగా మానాలని, లివర్ పరీక్షలు బాగుపడేదాకా గనిలో దిగొద్దని చెప్పారు. వాడు మాత్రలు వేసుకున్నాడు, పడుకున్నాడు, కల్లు మాత్రం వదల్లేదు. అది చలవ చేస్తుందని వాడి నమ్మకం. నెల దాటినా పరీక్షలో మార్పు లేదు. ఈలోగా మా అమ్మ ఒకటే పట్టు: "చెయ్యి కాలవెట్టిస్తే పసిరికలు దిగుతయి బిడ్డా." ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో వాతలు పెట్టే ఆ వైద్యం పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. జనగామ హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, ఇంట్లోనే ఇదా! చివరికి అమ్మతో రాజీకొచ్చాను. వాతలు వద్దు, బయ్యారం అవతల తండాలో ఉండే మంగ్లి అవ్వ దగ్గర పసరు మందు నేనే తెస్తాను. డాక్టరుకు ఫోన్ చేస్తే, "ఏ మొక్కో నాకు చూపించాకే తాగించండి" అన్నారు.

జనగామలో ఆరు గంటలకు రైలెక్కితే కాజీపేట మీదుగా ఎనిమిదికల్లా మహబూబాబాద్‌లో దిగాను. జనరల్ టికెట్ వంద లోపే. స్టేషన్ బయట ఒకాయన పొట్లాలు పరిచి, లివరుకూ కిడ్నీలకూ ఒకటే పొడి అంటున్నాడు. అందులో ఏమేం ఆకులున్నాయని అడిగితే అది చెప్పకూడదట. నాకు తెలియనిది మా వాడి కడుపులోకి ఎందుకని ముందుకు నడిచాను. నాలుగు ఇడ్లీలు తిని బయ్యారం షేర్ ఆటో ఎక్కాను, యాభై రూపాయలు. అక్కడి నుంచి తండాకు ఇంకో నూట యాభై ఇస్తానని అదే ఆటోను మాట్లాడుకున్నాను.

"పసిరికలకేనా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"ఎట్ల తెలిసింది?"

"పొద్దుగాల గా తండకు ఎవ్వలు వోయినా దానికే. మొక్క గుర్తువడ్తరా మరి? మొన్న ఒక సారు రెండు గంటలు చెల్కల తిరిగి ఉత్త చేతులతోని వచ్చిండు."

ఆయన మాట తొమ్మిదిన్నరకు అర్థమైంది. మంగ్లి అవ్వకు తమ్ముడి కామెర్ల సంగతీ, కల్లు సంగతీ చెప్పాను. ఆమె మందు నూరి ఇవ్వదు. రోగి మనుషులే మొక్కను వేరుతో సహా పెరికి తేవాలి. గుర్తుపట్టలేని మొక్కను ఎవరూ తాగకూడదని ఆమె పద్ధతి. అంతకుముందే వచ్చిన ఒకాయన కిడ్నీలో రాళ్లకని కొండపిండి ఆకు కోసం గట్టు వెంట తిరుగుతున్నాడు. ఆయన జేబులోంచి స్కానింగ్ కాగితం తీసి చూపించాకే అవ్వ ఆయనకు చేను చూపించిందట. ఇదేదో నాకు నచ్చే మనిషే అనుకున్నాను.

సైన్సు టీచర్ని కదా, ధీమాగా వెళ్లి పత్తి చేను గట్టున గుప్పెడు మొక్కలు పెరికి తెచ్చాను. అవ్వ చూసి, కోడలితో వాళ్ల భాషలో ఏదో అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"గిది చింత మొలక. పోరగాండ్లకు గూడ గిట్లనే చెప్తవా పంతులమ్మా?"

సిగ్గుతో చచ్చాను. రెండోసారి తెచ్చిందీ తప్పే. మూడోసారి బురదలో గొంతుక్కూర్చుని ఒక్కో రెమ్మా తిప్పి చూశాను. ఒక చిన్న మొక్కకు ఆకుల అడుగున ఆవగింజలంత పచ్చని కాయలు వరుసగా వేలాడుతున్నాయి. నేల ఉసిరి! చీరంతా బురదైనా, అలాంటివే గుప్పెడు వేర్లతో పెరికి, అదేదో పతకం గెలిచినట్టు పైకెత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాను.

"గిదే," అంది అవ్వ. వెంటనే మొక్కలు నా చేతిలోంచి తీసుకుంది. "నలభై దినాలు కల్లు, సార ముట్టనని నీ తమ్మున్తోని చెప్పియ్యి. నా చెవుల వడాలె."

ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"కల్లు సల్లదనమే గదా అవ్వా, అదేం జేస్తది?" అన్నాడు మావాడు.

"సల్లదనమైతే నీ కండ్లు ఇంక పచ్చగెందుకున్నయి? నువ్వు కల్లు ఇడువకుంటే నేను మొక్క ఇయ్య. మీ అక్క వచ్చిన తొవ్వనే పోతది."

 ఫోన్ అవ్వ వైపు ఇంకాస్త జరిపాను. వాడికి ఇద్దరు పిల్లలు, వాడి ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు.

"నాకు నౌకరి గావాలె అవ్వా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ముట్ట. ఒట్టు."

అవ్వ మొక్కలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. రూపాయి తీసుకోలేదు సరికదా, జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టి పంపింది.

మహబూబాబాద్ నుంచి హనుమకొండకు బస్సులో వచ్చాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ ఉచితం. మూడున్నరకు డాక్టరు మొక్కను తిప్పి తిప్పి చూసి, "నేల ఉసిరే. కొద్దిగా, కొన్నాళ్లే ఇవ్వండి. మాత్రలు ఆపొద్దు, పరీక్షలు మానొద్దు. ఆవిడ కల్లు మాన్పించింది చూడండి, అసలు వైద్యం అది" అన్నారు. పరకాల మీదుగా ఏడు గంటలకు భూపాలపల్లి చేరాను. వాడు బస్టాండులోనే నిలబడి ఉన్నాడు.

నలభై రోజుల తర్వాత పరీక్షలన్నీ మామూలుకొచ్చాయి. డాక్టరు ఫిట్ అని రాసిచ్చారు. ఏది పనిచేసిందని అడిగితే అమ్మ పసరంటుంది, డాక్టరు విశ్రాంతి, మాత్రలు, కల్లు మానడమంటారు. నాకు డాక్టరు మాటే సబబనిపిస్తుంది. కానీ వాడి చేత కల్లు ముట్టనని అనిపించడంలో డాక్టరూ, నేనూ, వాడి భార్యా చేయలేనిది ఆ తండా ముసలమ్మ ఒక్క ఫోన్‌తో చేసింది. అందుకు ఆమెకు వంగి దండం పెడతాను. మీరూ వెళ్తే మొక్కను వేరుతో, కాయలతో సహా తెచ్చి ముందు డాక్టరుకు చూపించండి, తర్వాతే పసరు తీయండి.

వాడు మళ్లీ గనిలో మొదటి షిఫ్టుకు వెళ్లే రోజు పొద్దున ఫోన్ చేశాను. "నలభై దినాలు అయిపోయినయి కదరా, ఇగ ఆదివారం ఏం చేస్తవ్?" అని భయంభయంగా అడిగాను.

"ఎన్ని దినాలైనయో నాకు యాదికి లేదక్కా," అన్నాడు. "నాకు టైమవుతున్నది, గనిల దిగాలె."